దబీరుల పేటలో గణనవిద్య

(దబీర్‌పురాలోని యొక పఠనమందిరమున చేయబడిన యుపన్యాసము)



మేమీ సాయంకాలము మాటాడనున్న విషయము ఉపన్యాసవేదికలకు అలవాటైనది కాదు. కళాశాలలలో కంప్యూటరు విద్య నభ్యసించువారికి సాధారణముగా రెండవ సంవత్సరమున చెప్పబడు 'డేటా స్ట్రక్చర్లు, అల్గారిదములు' అను పాఠమును గూర్చి మాటాడుదుమనగా మా మిత్రులు కొందరు నవ్విరి. పఠనమందిరమునకు వచ్చు పెద్దలకు దానితో నేమి పని యని యడిగిరి. ఈ గదిలోనే వెనుకబల్లల యొద్ద రాత్రి తొమ్మిదింటి వరకు కూర్చుండు యువకులలో సగముమంది ముందర తెరచియున్నది ఆ పుస్తకమే యని వారెరుగరు కాబోలు.

గతమాసమున వారిలో నొకని ప్రక్కన మేము కూర్చుంటిమి. అతడు కన్నులు మూసికొని యేదో వల్లించుచుండెను. మొదట స్తోత్రమనుకొంటిమి. చెవి యొగ్గి వినగా 'వైల్, లో, లెస్ దాన్ ఆర్ ఈక్వల్ టు, హై' అను మాటలు వినవచ్చెను. బైనరీ సెర్చ్ అను ప్రోగ్రామును, అది మొదలు తుదివరకు, సెమీకోలన్లతో సహా కంఠస్థము చేయుచున్నాడు! 'నాయనా, జాబితా అక్షరక్రమమున లేకున్నచో నీ ప్రోగ్రాము పనిచేయునా?' అని యడిగితిమి. ఆ పిల్లవాడు కొంత తడవు ఆలోచించి, 'ఆ ప్రశ్న మా సిలబస్‌లో లేదండీ' అనెను.

అతడు మందమతి కాడు. పదవ తరగతి వరకు తెలుగున చదివి గణితమున మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు. తండ్రి యొక దుకాణమున పద్దులు వ్రాయును. ఈ పేపరున అతడొకసారి తప్పినాడు. మరల తప్పినచో సంవత్సరమంతయు పోవునని భయము. ఆ భయమే అతనిచే ప్రోగ్రాములను వల్లింపజేయుచున్నది. జాబితా క్రమముగా నుండవలెననునదే ఆ పద్ధతికి ప్రాణము. ప్రాణమును విడిచి శరీరమును వల్లించుచున్న ఆ బాలునిపై మాకు కోపము రాలేదు. అతని చేతికి ఆ విద్యను అట్లు అందించిన వారిని గూర్చియే యోచింపసాగితిమి.

మనమున్న ఈ పేట పేరును ఒకసారి తలంపుడు. దబీరు అనగా పారశీకమున లేఖకుడు, వ్రాతపనికి అధికారియైనవాడు. నగరప్రాకారమునకుండిన పదమూడు దర్వాజాలలో నేటికిని నిలిచియున్నవి రెండే: ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మన దబీర్‌పురా దర్వాజా. ఆ దర్వాజా పేరున నిలిచియున్న దబీరు చేసిన పని యేమి? వచ్చిన సమాచారమును వ్రాసియుంచుట. కావలసినపుడు వెదకి తీయుట. వ్రాసియుంచు తీరునకే నేటి కళాశాలలలో డేటా స్ట్రక్చరు అని పేరు. వెదకి తీయు తీరు అల్గారిదము. ఇంతకుమించిన రహస్య మందులో లేదు.

ఈ పఠనమందిరపు దాఖలా పుస్తకమునే తీసికొందము. పుస్తకము వచ్చినదే తడవుగా దానికొక సంఖ్యనిచ్చి చివర వ్రాసికొందురు. చేర్చుట క్షణములో పని. కాని యెవరైనను వచ్చి ఫలానా గ్రంథకర్త పుస్తకములున్నవా యని యడిగినచో మొదటి పుటనుండి కడపటి పుటవరకు వ్రేలు జరుపుచు పోవలసినదే. అందుచేత గ్రంథకర్తల పేర్లను అకారాదిగా కూర్చిన రెండవ జాబితా నుంచుకొందురు. అపుడు వెదకుట సులభమైనది. కాని క్రొత్త పుస్తకము వచ్చినపుడెల్ల రెండుచోట్ల వ్రాయవలసిన శ్రమ కలిగినది. ఒకచోట కాలము మిగిలిన వేరొకచోట ఖర్చగుచున్నది. ఈ పాఠ్యమంతయు నిట్టి బేరమే. ఏ బేరము ఎప్పుడు లాభమో తెలిసికొనుట విద్య. బేరముల పట్టికను వల్లించుట విద్య కాదు.

నిండుగా నున్న బీరువా వరుసలో నడుమ నొక పుస్తకము దూర్పవలెనన్న తరువాతివానిని అన్నింటిని ఒక్కొక్కటిగా జరుపవలెను. విద్యార్థులు దీనిని అర్రే అందురు. మన రైలుదారి వేరొక రీతిది. మలక్‌పేట దాటిన దబీర్‌పురా, దబీర్‌పురా దాటిన యాకుత్‌పురా. ప్రతి స్టేషనుకును తన తరువాతి దేదియో తెలిసిన చాలును. నడుమ నొక క్రొత్త స్టేషను చేర్పవలెనన్న రెండు చోట్ల మాత్రమే కట్టు విప్పి ముడివేయుదురు, తక్కినవి కదలనక్కరలేదు. కాని ఫలక్‌నుమాకు పోదలచినవాడు నడుమనున్నవానిని అన్నింటిని దాటియే పోవలెను. ఇది లింక్డ్ లిస్టు. పద్దులు వ్రాయువాని కుమారునికి ఇది తెలియదా? తెలియును. తనకు తెలిసినదియు కళాశాలలో చెప్పినదియు నొకటే యని యెవరును చెప్పలేదు.

ఇక ఆ బాలుడు వల్లించుచున్న బైనరీ సెర్చ్ సంగతి. నిఘంటువున మాట వెదకువాడు మొదటి పుటనుండి చదువడు. నడుమ తెరచి, కావలసినది ముందున్నదో వెనుకనున్నదో చూచి, సగమును విడిచిపెట్టును. మిగిలిన సగములో మరల నట్లే. పదిలక్షల పేరులున్న జాబితాలోనైనను ఇరువది మారులు చూచుసరికి పేరు దొరకును, లేదా లేదని తేలిపోవును. ఇంత సులభమైన దానిని వ్రాయుట ఎంత కష్టమో చూడుడు. ఈ పద్ధతి మొదట 1946లో ప్రకటింపబడినది. ఏ కొలత జాబితాకైనను తప్పక పనిచేయునట్లు వ్రాసిన రూపము అచ్చగుటకు సుమారు పదునాలుగేండ్లు పట్టినదని డొనాల్డ్ క్నూత్ పండితుడు వ్రాసినాడు. అటుపిమ్మట జావా భాషతో లోకమంతయు వాడుచుండిన రూపములోనే యొక దోషమున్నదని 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టెను. నడిమి స్థానమును కనుగొనుటకై రెండు సంఖ్యలను కూడునపుడు, జాబితా మిక్కిలి పెద్దదైనచో, ఆ మొత్తము యంత్రము పట్టగల సంఖ్యను మించిపోవుచుండెను! ఆరితేరినవారే యిట్లు తప్పినచోట, అర్థము తెలియక వల్లించిన పిల్లవాడు పరీక్షలో ఒక గుర్తు తారుమారు చేసిన ఆశ్చర్యమేమి? తప్పును తాను పట్టుకొనగలుగుటయే ఇందు ముఖ్యము. కంఠస్థము చేసినవానికి ఆ శక్తి కలుగదు.

ఇంతవరకు చెప్పినది అంగడిలోను రైలులోను గల లెక్క. మన సాహిత్యములో నున్న లెక్కను గూర్చి కొంచెము విస్తరించి చెప్పుటకు మీ యనుమతి వేడుచున్నాము, ఏలయన మా హృదయము అచ్చట చిక్కుకొన్నది.

మీలో ఛందస్సు చదివినవారు కొందరైనను ఉందురు. గురులఘువులు రెండే. మూడక్షరముల గణములు ఎనిమిది. వానిని ఒకటియు విడువక, రెండుమారులు వ్రాయక, క్రమముగా పుట్టించు విధికి ప్రస్తారమని పేరు. మొదట అన్నియు గురువులు వ్రాయుము. తరువాతి వరుసకై, పై వరుసలోని మొదటి గురువు క్రింద లఘువు నుంచుము. దానికి కుడివైపున పైదానినే దింపుము. ఎడమవైపున గురువులు నింపుము. అన్నియు లఘువులగు వరకు ఇట్లే చేయుము. మ, య, ర, స, త, జ, భ, న యను వరుస వచ్చును. ప్రాచీనుడైన పింగళుని సూత్రముల నుండి కేదారభట్టు వృత్తరత్నాకరము మీదుగా మన తెలుగు లక్షణకర్తల వరకు వచ్చిన విధి యిది. గురువును సున్నగను లఘువును ఒకటిగను తలచిన, నేటి యంత్రము లోలోపల లెక్కించునదియు నిట్లే.

ఇందు నష్టము, ఉద్దిష్టము అను రెండు ప్రక్రియలున్నవి. ఆరవ గణమేదని యడిగిరనుకొందము. సంఖ్య సరియైనచో లఘువు వ్రాసి సగము చేయుము; బేసియైనచో గురువు వ్రాసి, ఒకటి కలిపి సగము చేయుము. ఆరు సరి: లఘువు, మిగిలినది మూడు. మూడు బేసి: గురువు, ఒకటి కలిపి సగము చేయగా రెండు. రెండు సరి: లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణము. పట్టిక వ్రాయనక్కరలేదు, వెదకనక్కరలేదు. ఇది నష్టము. ఉద్దిష్టము దీనికి తలక్రిందు. ఉత్పలమాల ఎన్నవ వరుస యని యడిగినచో, దాని యిరువది యక్షరముల క్రింద 1, 2, 4, 8 అని రెట్టించుచు వ్రాసి, లఘువుల క్రింది సంఖ్యలను మాత్రము కూడి ఒకటి కలుపవలెను. వచ్చునది 3,55,799. ఇరువది యక్షరముల వృత్తములు మొత్తము 10,48,576. పట్టికనంతయు వ్రాసి వెదకువాడు ముసలివాడగును. లెక్క తెలిసినవాడు తాంబూలము నమలుచు ఇరువది యడుగులలో ముగించును. పదిలక్షల పేరులలో ఇరువది చూపులతో వెదకిన నిఘంటువు కథయు నిదియే కాదా? సగము చేయుచు పోవువానికి పదిలక్షలు ఇరువదిగా కుదించుకొనిపోవును.

మాత్రల లెక్క దీనికంటెను రుచియైనది. లఘువు కొకమాత్ర, గురువునకు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని విధముల కూర్పవచ్చును? ఐదు విధముల. ఐదు మాత్రలకు ఎనిమిది. ఏ సంఖ్యయైనను దానికి ముందరి రెండింటి మొత్తము. చివర లఘువున్నచో ఒక మాత్ర తగ్గిన కూర్పులు, గురువున్నచో రెండు తగ్గిన కూర్పులు. విరహాంకుడు, హేమచంద్రుడు మొదలైనవారు దీనినెరిగియుండిరి. పాశ్చాత్యులు తరువాత ఫిబొనాచీ పేరున పిలిచిన సంఖ్యలివియే. ఇపుడు ముప్పది మాత్రల లెక్క కావలెననుకొందము. ముప్పదికి ఇరువదితొమ్మిదియు, ఇరువదియెనిమిదియు కావలెను. ఇరువదితొమ్మిదికి మరల ఇరువదియెనిమిది కావలెను. ముందు చేసిన లెక్కను మరచి ప్రతిసారియు క్రొత్తగా లెక్కించువాడు 8,32,039 కూడికలు చేయవలసివచ్చును. చేసినదానిని చేసినట్లు కాగితము పైన వ్రాసియుంచుకొన్నవానికి ఇరువదియెనిమిది కూడికలు చాలును. కళాశాలలలో డైనమిక్ ప్రోగ్రామింగు అను పేరు వినగానే విద్యార్థులు బెదరిపోవు ప్రకరణమునకు మూలమిదియే: వ్రాసియుంచుకొనుట. దబీరు చేసిన పని!

ఇచట మేమొక మాట స్పష్టముగా చెప్పవలెను. దీనిని విని కొందరు చప్పట్లు చరచి, కంప్యూటరును మన ఋషులే కనిపెట్టిరని ఇంటికి పోవుదురు. మేమట్లు చెప్పలేదు. పింగళుడు యంత్రమును చేయలేదు. ప్రస్తారము వ్రాసిన పండితుల మనుమలు దానిని వల్లించి అర్థమును విడిచిపెట్టిరి గావుననే అది ఛందోగ్రంథముల చివరిపుటలలో పడియుండెను. అల్గారిదమను మాటయే తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో నుండిన అల్ ఖ్వారిజ్మీ పేరునుండి పుట్టినది. ఆయన వ్రాసినది హిందూ సంఖ్యలతో లెక్కించు విధమును గూర్చి. ఈ విద్య ఏ యొక్కరి సొత్తును గాదు. ఎవరి నాలుకపైనైనను ఆడును. మాకు కావలసినది ఆ సంగతియే.

అట్లైన మన కళాశాలలో అదెందుకు ఇంగ్లీషున మాత్రమే యాడుచున్నది? ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ప్రశ్నలను ఇంగ్లీషుతోబాటు తెలుగుననో ఉర్దువుననో ఇచ్చుచున్నారు. వాకిట రెండు భాషలు. లోపల అడుగిడినతోడనే ఒక్కటి. ఈ నగరమునకు దీనికి విరుద్ధమైన చరిత్ర యున్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దువున ఉన్నతవిద్య గరపెను. పాఠ్యగ్రంథములకై 1917లోనే అనువాదశాఖ, దారుల్ తర్జుమా, ఏర్పడినది. గణితము, వైద్యము, భౌతికశాస్త్రము ఒక దేశభాషలో చెప్పవచ్చునని ఈ నగరముననే ఋజువైనది. నాటి రాజ్యములో అధికసంఖ్యాకులైన తెలుగువారికి ఆ భాషయు పరభాషయే యైనదనుటయు నిజమే, దానిని మరువము. 1948 పిమ్మట ఇంగ్లీషు వచ్చెను. ఉర్దూవానికిని తెలుగువానికిని కష్టము సమానమైనది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021లో తెలుగుతోసహా కొన్ని దేశభాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి నొసగినది. అనుమతి వచ్చుట వేరు, తరగతిగదిలో మాట మారుట వేరు.

తెలుగునకు తేవలెనన్న వెంటనే కొందరు పండితులు నిఘంటువు విప్పుదురు. స్టాకునకు 'రాశి' యనియు, క్యూకు 'పంక్తి' యనియు, ఒకరు చెప్పినది మరొకరికి తెలియని పేరులు పెట్టి ఇంగ్లీషుకంటె కఠినమైన సంస్కృతమును పిల్లలపై పడవేయుదురు. మాకిది సమ్మతము కాదు. స్టాకు స్టాకుగనే యుండనిండు. రైలును రైలనియే కదా యనుచున్నాము. పేరు ఏ భాషదైనను సరే, దానిని విప్పి చెప్పు మాట విద్యార్థి యింటి మాట కావలెను. ఇరానీ హోటలులో కడిగిన సాసర్లను ఒకదానిపై నొకటి పేర్చుదురు. చివర పెట్టినది మొదట చేతికి వచ్చును. ఇంత చెప్పిన స్టాకు అర్థము కానివాడెవడు?

నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు 1994లో ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగు పురస్కార మందుకొనిరి. కంప్యూటరు శాస్త్రమున అంతకు మించిన గౌరవము లేదు. యంత్రమునకు మనుష్యుని మాట వినుట నేర్పుట ఆయన చేసిన కృషిలో ముఖ్యమైనది. మన నగరమున 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీకి ఆయన పెద్దదిక్కుగా నుండిరి. 2002లో కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాలుగారు, అప్పుడే బి.టెక్. ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అను ఇద్దరు యువకులతో కలిసి, ఒక సంఖ్య అభాజ్యమగునో కాదో త్వరగా నిర్ణయించు పద్ధతిని కనిపెట్టిరి. ఇది శతాబ్దములుగా పెద్దలను వేధించిన ప్రశ్న. కంఠస్థము చేసినవారికి ఇట్టివి సాధ్యములా?

ఉద్యోగము మాటేమి యని వెనుకనుండి యెవరో అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. కంపెనీలవారు ఉద్యోగార్థులను ఈ పాఠ్యముననే పరీక్షించుచున్నారు. అందుచేత అమీర్‌పేట వీధులలో దీనికి శిక్షణలు వెలసినవి. వందలకొలది లెక్కలను అచ్చులుగా పోసి నేర్పుచున్నారు. మేము వారిని నిందింపము. ఆకలిగొన్నవానికి అన్నము కావలెను. కాని లెక్క రవ్వంత మారిన అచ్చు పగిలిపోవును. ఇపుడు అడిగిన వెంటనే ప్రోగ్రాము వ్రాసియిచ్చు యంత్రములును వచ్చినవి. వల్లించుటలో వానితో పోటీపడగల మానవుడు లేడు. అవి వ్రాసినది సరియో తప్పో చెప్పువాడు మాత్రము ఇంకను కావలెను.

నెదర్లాండ్సు దేశపు డైక్‌స్ట్రా పండితుడు 1956లో ఆమ్‌స్టర్‌డామున ఒక కాఫీ దుకాణములో కూర్చుండి, కాగితమైనను కలమైనను లేక, ఇరువది నిమిషములలో, ఒక ఊరినుండి మరియొక ఊరికి దగ్గరిదారి కనుగొను పద్ధతిని యోచించెనట. అది 1959లో అచ్చుపడినది. నేడు దారిచూపు యంత్రములకెల్ల అది పునాదులలో నొకటి. మన దర్వాజానుండి చార్మినారునకు ఎన్ని గల్లీలున్నవో మీకు తెలియును. మొహర్రమున బీబీకా ఆలావా నుండి ఊరేగింపు వెడలిన దినమున ఏ దారి మూసికొనునో, అపుడు ఏ దారి దగ్గరిదగునో ఇచటి యాటోవాడు ఎవరినడుగకయే చెప్పును. అట్టి పేటలోని పిల్లవాడు గ్రాఫు ప్రకరణమునకు భయపడుట మాకు సిగ్గుగా నున్నది.

కళాశాలలవారిని మేము కోరునది స్వల్పము. మొదటి మాసము యంత్రమును ముట్టనీయకుడు. పలకలపై, పేకముక్కలపై, పిల్లల చేతులతోనే క్రమపరచుటను, వెదకుటను చేయింపుడు. వారి మాటలోనే వారిచే చెప్పింపుడు. పరీక్షలో తెలుగునగాని ఉర్దువునగాని బొమ్మతోగాని వివరించినవానికి మార్కులు కోయకుడు. 'ఫలానా ప్రోగ్రాము వ్రాయుము' అను ప్రశ్నలలో నొకటి తగ్గించి, తప్పున్న ప్రోగ్రామునొకటి యిచ్చి తప్పెచట నున్నదో చెప్పుమని యడుగుడు. ఇందులకు క్రొత్త కట్టడముగాని డబ్బుగాని అక్కరలేదు. ఉపాధ్యాయునికి మాత్రము కొంత శ్రమ యెక్కువ. మొదట తానే వల్లించుట మానవలెను.

వారు చేయువరకు మనము వేచియుండనక్కరలేదు. ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు ఆదివారపు సాయంకాలములలో వెనుకగదిని ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. మేము చెప్పిన ఆ పిల్లవాడు రెండు వారములుగా వచ్చుచున్నాడు. ప్రోగ్రాము పుస్తకమును ఇంటియొద్ద నుంచి రమ్మంటిమి. మొదటి దినమున ఎనిమిది గణములను తానే పుట్టించెను. రెండవ వారము నలుబది పేరులు కార్డులపై వ్రాసి, కలిపివేసి, అతని ముందర పెట్టితిమి. వానిలో నడుమ తీసి చూచి, మరల తీసి చూచి, చివరకు తల గోకికొనుచు 'వీటిని ముందు వరుసలో పెట్టాలి కదండీ' అనెను.

వచ్చు ఆదివారము ఆరుగంటలకు చంపకమాల తీసికొందుము. అక్షరములు ఇరువదియొకటి; గణములు న జ భ జ జ జ ర. అది ఎన్నవ వరుసయో మేమిపుడు చెప్పము. రాదలచినవారు పలక తెచ్చుకొనవలెను. సుద్దముక్కలు ఇచట నున్నవి.